ఏ చీమ కుట్టినట్టు?

మా బావగారు దేన్నీ బాగుందనరు. బాగాలేదని కూడా అనరు. "టీ ఎలా ఉంది బావగారూ?" అని అడిగితే "దేనికంటే?" అంటారు. నిన్నటి టీ కంటేనా, వాళ్ళింటి టీ కంటేనా, వేడినీళ్ళ కంటేనా అన్నది తేల్చి చెబితే తప్ప ఆయన నోట్లోంచి అభిప్రాయం ఊడిపడదు. పోల్చడానికి రెండోది లేకపోతే ఆయన దృష్టిలో మొదటిది లేనట్టే. ఆయన చెల్లెల్ని నాకిచ్చి పెళ్ళి చెయ్యమని అడగడానికి నేను వాళ్ళింటికి వెళ్ళిన రోజున మా ఆవిడ ఆయన్ని వంటింట్లోకి పిలిచి, "అన్నయ్యా, అబ్బాయి ఎలా ఉన్నాడు?" అని అడిగిందట. "ఇంకొకణ్ణి కూడా పిలువమ్మా, ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చూసి చెబుతాను" అన్నారట. ఇంకొకడు దొరక్క నా పెళ్ళి జరిగింది.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఉద్యోగం అలాంటిది. రంగుల కంపెనీలో, కొత్తగా కలిపిన రంగుని చిన్న రేకు మీద పూసి, ఆరబెట్టి, కంపెనీ దాచుకున్న అసలు రేకు పక్కన పెట్టి, కిటికీ వెలుగులో చూసి "సరిపోయింది" అనో "తేడా ఉంది" అనో చెప్పడమే ఆయన పని. రిటైరైన రోజున కంపెనీవాళ్ళు ఆయన్ని దండేసి పంపించారు గానీ, ఆయనలోంచి ఆ పనిని పీకలేకపోయారు. ఇప్పటికీ చొక్కా జేబులో మడత పెట్టిన రంగుల కార్డు ఉంటుంది. ఎవరైనా "తెల్ల చొక్కా కొన్నాను" అంటే చాలు, కార్డు బయటికి తీసి, "ఇందులో ఏ తెలుపు?" అంటారు.

ఇక నా సంగతి. నేను పళ్ళ డాక్టర్ని. రోజంతా జనం చిగుళ్ళలో సూదులు గుచ్చడం నా వృత్తి. గుచ్చేముందు అందరికీ ఒకే మాట చెబుతాను: "ఏం కాదు, చీమ కుట్టినట్టు ఉంటుందంతే." ఎవరూ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. నోట్లో నా వేళ్ళుంటే ఎలా చెబుతారు? ఒకసారి బావగారు దవడపన్ను చూపించుకోవడానికి వచ్చారు. నేను ఆ మాట అనగానే తెరిచిన నోరు మూసేశారు.

"ఏ చీమ?" అన్నారు.

"చీమేమిటి బావగారూ, మాటవరసకి అన్నాను."

"నల్లచీమా, ఎర్రచీమా, గండుచీమా? మూడూ ఒకటి కాదు బావా. నల్లచీమ అసలు కుట్టదు, ఒంటిమీద పాకి దాని దారిన అది పోతుంది. గండుచీమ పట్టుకుంటే తల తెగినా వదలదు. ఇన్నేళ్ళుగా జనానికి చీమ పేరు చెప్పకుండానే పొడుస్తున్నావా?"

ఆయనకి సూది వేశాక నేనే భయంభయంగా "ఏ చీమ?" అని అడిగాను. "ఎర్రచీమ. కాస్త చదువుకున్నది" అన్నారు. ఆ రోజు నుంచి మా నర్సమ్మ కూడా మారిపోయింది. తలుపు సందులోంచి తొంగి చూసి, "డాక్టరు గారూ, బయట ఇద్దరు ఎర్రచీమలు, ఒక గండుచీమ కూర్చున్నారు" అని చెబుతుంది.

అసలు తమాషా ఏమిటంటే, నాకు సూదంటే చచ్చేంత భయం. సూది వెనకవైపు నేనుంటే ఫరవాలేదు. ముందువైపు ఉంటే మాత్రం కాళ్ళు చల్లబడతాయి, చెవుల్లో హోరు మొదలవుతుంది, చిన్నప్పటి మాస్టార్లంతా కళ్ళముందు కదులుతారు. రక్తపరీక్షకి వెళ్ళి, రక్తం ఇవ్వకుండా టీ తాగి ఇంటికొచ్చిన చరిత్ర నాది. ఈ సంగతి మా ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసంటే ఆవిడ అన్నయ్యకీ తెలుసన్నమాట.

ఇలా ఉండగా నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ వరకు లేస్తుంది, ఆపైన లేవనంటుంది. తల దువ్వుకోవాలంటే తలనే వంచి చేతి దగ్గరికి తీసుకెళ్ళాలి. కింది పళ్ళకి ఎలాగో బండి నడిచింది. పై పళ్ళ దగ్గరే వచ్చింది చిక్కు. ఒకాయన్ని, పాపం, పై పన్ను అందడం కోసం కుర్చీ వెనక్కి వంచీ వంచీ దాదాపు తలకిందులు చేశాను. ఆయన జేబులోంచి తాళాలు, కళ్ళజోడు, చివరికి ఇంకో డాక్టరు చీటీ జారి నేలమీద పడ్డాయి. లేచి అన్నీ ఏరుకుని, రోడ్డుకి అవతలవైపు కొత్తగా తెరిచిన కుర్ర డాక్టరు క్లినిక్‌లోకి నేరుగా వెళ్ళిపోయాడు. నెల తిరిగేసరికి వీధిలో నాకు "కింది పళ్ళ డాక్టరు" అని పేరు స్థిరపడింది. పై పన్ను నొప్పి పుట్టినవాళ్ళు నా గుమ్మం ముందునుంచే, నాకు నమస్కారం పెట్టి మరీ, రోడ్డు దాటుతున్నారు. ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే క్లినిక్ మూసుకోవలసిందేనని నాకు అర్థమైంది. పైకి మాత్రం "సగం పని, సగం అలసట" అని నవ్వుతుండేవాణ్ణి.

ఎముకల డాక్టరు, "వ్యాయామం చెయ్యండి, టైము పడుతుంది. కావాలంటే ఆ చైనా సూదుల వైద్యం కూడా చేయించుకుని చూడండి, కొంతమందికి హాయిగా ఉంటోంది" అన్నాడు. నేను ఇంటికొచ్చి మొదటి వాక్యం మాత్రమే చెప్పాను. మా ఆవిడ ఆయనకి ఫోన్ చేసి రెండోది కూడా రాబట్టింది.

"రోజుకి ఎంతమందికి సూది వేస్తారు మీరు?" అంది.

"అది వేరు."

"ఏం వేరు?"

"అది వాళ్ళకి."

ఆవిడ నుదురు కొట్టుకుని అన్నయ్యకి ఫోన్ చేసింది. మర్నాడే బావగారు దిగారు. కుడి భుజం ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నారు.

"బావా, నాకూ భుజం పట్టేసింది."

"అయ్యో! ఎప్పటినుంచి?"

"నిన్నటికంటే ఇవాళ ఎక్కువ. సూదుల వైద్యం చేయించుకుందామనుకుంటున్నాను. ఊళ్ళో చాలామందే ఉన్నారట. అందరూ చైనా పద్ధతే అంటారు, కానీ ఒకరు చేసినట్టు ఒకరు చెయ్యరట. ఒక్కరి దగ్గరికే వెళితే బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది? అందుకని అందరి దగ్గరికీ వెళతాను. నువ్వు తోడు రా."

ఆయనకి కొత్త పిచ్చి దొరికిందని నాకు లోలోపల సంతోషమే వేసింది. నా భుజం మీదినుంచి ఇంట్లోవాళ్ళ చూపు మళ్ళుతుంది కదా అనుకున్నాను.

మొదట వెళ్ళింది నాడి పెద్దాయన దగ్గరికి. మేడమెట్ల పక్కన చిన్న గది, గోడకి మనిషి బొమ్మ, ఆ బొమ్మ నిండా చుక్కలు. నేను కారు నిలిపి లోపలికి వెళ్ళేసరికి ఇద్దరు పెద్దమనుషులు అద్దం ముందు నాలుకలు చాపుకుని నిలబడి ఉన్నారు. సంగతేమిటంటే, ఆ పద్ధతిలో ముందు రెండు మణికట్ల దగ్గరా నాడి పట్టి, తర్వాత నాలుక చూసి రోగం నిర్ణయిస్తారట. పెద్దాయన "నాలుక ఎరుపు తగ్గింది" అన్నాడట. బావగారు కార్డు తీసి, "తగ్గడం కాదండీ, గులాబీలో చారెడు బూడిద కలిసింది. మీది చూపించండి, పోలుద్దాం" అన్నారట. ఆ గదిలో డాక్టరు నాలుక చూసిన మొదటి రోగి మా బావగారే అయ్యుంటారు.

తర్వాత సూదులు మొదలయ్యాయి. పెద్దాయన సూది గుచ్చి ఊరుకోలేదు. దాన్ని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ, "బరువుగా ఉందా? లాగుతోందా? లోపల ఏదో పాకుతోందా?" అని అడుగుతున్నాడు. ఆ బరువు తెలిస్తేనే సూది పట్టినట్టు లెక్కట. బావగారు జవాబు చెప్పేలోపే నాకు బరువుగా ఉంది, లాగుతోంది, ఏదో పాకుతోంది. కళ్ళు తెరిచేసరికి నేను నేలమీద ఉన్నాను. బావగారు ఒంటినిండా సూదులతో ముళ్ళపందిలా వంగి, గోడమీది క్యాలెండరు పీకి దాంతో నాకు విసురుతున్నారు.

"ఏ చీమ?" అన్నాను నీరసంగా.

"గండుచీమ. నీకు పనికిరాదు" అని, వెంటనే నాలుక కరుచుకుని, "అంటే, నాకు పనికిరాదు" అన్నారు.

ఆ తర్వాత నేను ఏ గదిలోకీ వెళ్ళలేదు. ఆయన ఒక్కరే వెళ్ళివచ్చేవారు. సాయంత్రం మా క్లినిక్‌లో రోగులు కూర్చోవలసిన కుర్చీలో తీరిగ్గా కూర్చుని రిపోర్టు చెప్పేవారు. కుర్చీ ఎలాగూ ఖాళీయే.

రెండో ఆయన పద్ధతికి బావగారు "పక్కింటి పద్ధతి" అని పేరు పెట్టారు.

"కుడి భుజం అన్నాను బావా. ఆయన భుజం వైపు చూడనైనా చూడలేదు. ఎడమకాలి పిక్క దగ్గర గుచ్చాడు. నొప్పి ఉన్నచోట గుచ్చకపోవడమే ఆ పద్ధతి గొప్పట. సూది కాలికి ఉండగానే చెయ్యి తిప్పమన్నాడు."

"తిరిగిందా?"

"నాకు ముందునుంచీ తిరుగుతూనే..." అని దగ్గు వచ్చి, మంచినీళ్ళు తాగారు. "కాస్త తిరిగింది. అసలు కబురు అది కాదు. పడుకుంటే కాలు కనబడదు చూడు, గుచ్చేది కంటపడదు. అది నాడి పెద్దాయన కంటే నయం. కానీ చెప్పాపెట్టకుండా గుచ్చుతాడు. కందిరీగ. కుట్టి పారిపోయే రకం."

మూడో ఆయన చెవి తప్ప మరేదీ ముట్టుకోడట. చెవిలో మనిషంతా తలకిందులుగా పడుకుని ఉంటాడట, భుజం కావాలంటే చెవిలో భుజం వెతికి అక్కడ గుచ్చుతాడట. బావగారు చెవికి చిన్న చిన్న ప్లాస్టర్లతో వచ్చారు. "దోమ. నొప్పి తక్కువే, కానీ చెవి దగ్గర కదా, గుచ్చేముందు దాని చప్పుడు విన్నట్టే ఉంటుంది. పిరికివాళ్ళకి కష్టం" అన్నారు.

"మీకెందుకండీ పిరికివాళ్ళ గొడవ?" అన్నాను నేను.

"పోల్చేటప్పుడు అన్నీ చూడాలి బావా" అన్నారు ఆయన చెవి తడుముకుంటూ.

కనబడుతుందా లేదా, చెప్పి గుచ్చుతారా చెప్పకుండానా, మధ్యలో వద్దంటే ఆపుతారా, గదిలో సూదుల పెట్టె ఎటువైపు పెడతారు... ఇవీ ఆయన పోలికలు. నా భుజం నొప్పి గురించి మాట్లాడకుండా తన భుజం గురించి ఇంత లోతుగా మాట్లాడే మనిషి మీద నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంత తెలివైనవాణ్ణి నేను.

నాలుగో ఆమె దగ్గర మాత్రం బావగారు చిక్కుకుపోయారు. ఆమెది ఐదు మూలకాల పద్ధతి. కట్టె, నిప్పు, మట్టి, లోహం, నీరు. ఈ ఐదింటిలో మనిషిలో ఏది తగ్గిందో కనిపెట్టడానికి ఆమె ముఖం రంగు చూస్తుంది, గొంతు వింటుంది, ఏ కాలం ఇష్టమో, దేనికి కోపమొస్తుందో అడుగుతుంది. మొదటిరోజు బావగారు చీకటి పడ్డాక వచ్చారు.

"ఎన్ని సూదులు వేసింది?"

"సూదులు వెయ్యడానికి టైము ఎక్కడుంది? మీకు ఏ రంగు ఇష్టం అని అడిగింది బావా!" ఆయన జేబులోంచి కార్డు తీసి చూసుకున్నారు. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ రంగు సరిపోయిందని అడిగారే గానీ, ఏ రంగు ఇష్టమని ఒక్కరూ అడగలేదు."

"ఏం చెప్పారు?"

"ఇంకా చెబుతున్నాను. రేపు కూడా రమ్మంది."

మర్నాడు ఆమె ఆయన ముఖంలో ఆకుపచ్చ ఛాయ కనబడుతోందన్నదట. "ఏ ఆకుపచ్చ?" అని ఈయన కార్డు తీశారు. ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళి, ఈయన దవడ పక్కన కార్డు పెట్టి వాదించుకున్నారు. చివరికి ఆమె రెండే సూదులు, అవీ ఉంచకుండా, అలా గుచ్చి ఇలా తీసేసిందట. బావగారు ఆమెకి "రంగుల డాక్టరమ్మ" అని పేరు పెట్టి, వారం వారం వెళ్ళడం మొదలుపెట్టారు.

"ఏ చీమ?"

"నల్లచీమ" అన్నారు. "అది కూడా దారితప్పి ఎక్కింది."

ఒకరోజు మధ్యాహ్నం నేను ఖాళీ కుర్చీ తుడుస్తుంటే నర్సమ్మ తొంగిచూసి, "పై పన్ను కేసండీ. రోడ్డు దాటమని చెప్పాను, వినడం లేదు" అంది. వెనకాలే ఒకావిడ లోపలికొచ్చింది. నూలు చీర, చేతిలో గుడ్డసంచి, బుగ్గ మీద చెయ్యి.

"డాక్టరు గారు లేరా?"

"నేనేనమ్మా."

"మీరు కాదండీ, పెద్దాయన. పొడుగ్గా ఉంటారు, జేబులో రంగుల కార్డు పెట్టుకుంటారు."

నర్సమ్మ నావైపు చూసింది. నేను కుర్చీవైపు చూశాను.

"ఆయన పళ్ళ డాక్టరని మీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్పాలి? ఆయన బాధ వింటే తెలియదా? చెయ్యి లేవక పై పళ్ళు చూడలేకపోతున్నాననీ, జనమంతా రోడ్డు దాటి పోతున్నారనీ, క్లినిక్ మూసుకోవాలేమోనని రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదనీ చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సూదంటే చచ్చేంత భయమట, పైకి చెప్పుకోలేరట. ఎలా పడుకుంటే సూది కనబడదు, వద్దంటే ఆపుతారా అని ఎన్ని ప్రశ్నలో! ముందు నామీద చేసి చూపించండి, తట్టుకోగలిగితే అప్పుడు గట్టిగా మొదలుపెడదాం అంటారు. విచిత్రం ఏమిటంటే, నేను చూసినంతలో ఆ భుజానికి ఏమీ లేదు. నా భుజం కంటే బాగా తిరుగుతుంది. భయం వల్ల అలా అంటున్నారేమో అనుకున్నాను. పాపం, పిరికివారే గానీ చాలా మంచివారు."

ఈవిడే రంగుల డాక్టరమ్మని అర్థమైంది. నిద్రపట్టడం లేదన్న మాట నేను ఎవరితోనూ అనలేదు. మా ఆవిడతో కూడా అనలేదు. ఆవిడ చూసి ఉంటుంది. చూసి అన్నయ్యకి చెప్పి ఉంటుంది. నా భుజాన్ని, నా భయాన్ని, నా నిద్రలేమిని జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగి, గండుచీమలనీ కందిరీగలనీ నా బదులు ఒంటిమీదికి ఎక్కించుకున్నారన్నమాట ఈ మనిషి. నేనేమో ఆయనకి పిచ్చి ముదిరిందని నవ్వుకున్నాను. ఆ క్షణంలో బావగారు ఎదురుగా ఉంటే కౌగిలించుకునేవాణ్ణే, ఒక చేత్తోనే అయినా.

"అమ్మా, ఆ భుజం నాది. ఆ భయం కూడా నాదే" అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మరి ఆయన?"

"మా ఆవిడ అన్నయ్య. పోల్చడానికి వచ్చారు."

ఆవిడ పక్కనున్న స్టూలు మీద కూలబడి, కాసేపు నవ్వింది. తర్వాత తన సంగతి చెప్పింది. పై పన్ను అంచు చిట్లింది, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోంది. ఆవిడకి పళ్ళ డాక్టర్లంటే చచ్చేంత భయం. భయం తెలిసిన డాక్టరైతే మెల్లగా చూస్తాడని, చెయ్యి లేవని పళ్ళ డాక్టరు ఎక్కడని అడుగుతూ వెతుక్కుంటూ వచ్చింది. ఊరందరికీ సూదులు గుచ్చే మేమిద్దరం, ఎవరు ముందు కుర్చీ ఎక్కాలా అని చాలాసేపు మర్యాదలు చేసుకున్నాం. "ముందు మీరు", "అబ్బే, ఆడవాళ్ళు ముందు", "పెద్దలు మీరుండగా నేనా" అంటూ ఆవిడ తలుపువైపు, నేను కిటికీవైపు జరుగుతున్నాం.

"చెయ్యి లేవకుండా పై పన్ను ఎలా చూస్తారండీ? ఎక్కండి" అంది నర్సమ్మ. నా క్లినిక్‌లో నేను ఎవరి మాటా అంత త్వరగా వినలేదు.

నా కుర్చీలో నేనే కూర్చున్నాను. కుర్చీలోంచి చూస్తే ఆ గది అంత భయంకరంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఆ దీపమేమిటి, ఆ పళ్ళెంలో సామానేమిటి! ఇన్నేళ్ళూ ఇక్కడికి జనం డబ్బిచ్చి ఎలా వచ్చారు? ఆవిడ గుడ్డసంచిలోంచి సూదుల పెట్టె తీస్తుండగా కళ్ళు గట్టిగా మూసుకుని, నర్సమ్మ వేలు పట్టుకుని, "గుచ్చేముందు చెప్పండమ్మా" అన్నాను.

"మొదటిది చెప్పే గుచ్చాను. మీరు అరుస్తుండడంతో వినబడలేదు" అంది ఆవిడ.

సూది తియ్యగానే చెయ్యి జెండాలా లేచిందని చెబితే మీరు నమ్మకూడదు. లేవలేదు. ఆవిడ వారం వారం వచ్చింది, నేను రోజూ గోడకి వేళ్ళు ఆనించి పైకి పాకించే వ్యాయామం చేశాను, కాలం కూడా తన పని తాను చేసుకుపోయింది. అంగుళం అంగుళంగా చెయ్యి పైకొచ్చింది. దేనివల్ల వచ్చిందని బావగారిని అడిగితే, "రెండు భుజాలూ పట్టేసి ఉంటే, ఒకదానికి సూదులు, ఒకదానికి వ్యాయామం ఇచ్చి పోల్చేవాళ్ళం. ఒక్కటే పట్టేసి అవకాశం పాడుచేశావు" అంటారు.

చెయ్యి పై పళ్ళదాకా లేచిన రోజున మొదట చూసిన పన్ను రంగుల డాక్టరమ్మదే. కుర్చీని తలకిందులు చెయ్యనవసరం లేకపోయింది. ఆవిడ అరవలేదు గానీ నర్సమ్మ రెండో వేలు కూడా వాచింది.

ఆ సాయంత్రం ఈ కబురంతా మా ఆవిడకి చెబుతూ, "మీ అన్నయ్యకి గుండె ధైర్యం ఎక్కువ" అన్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"ధైర్యమా? చిన్నప్పుడు బడికి టీకాలవాళ్ళు వస్తే అన్నయ్య అటకెక్కి పాత పరుపుల వెనక దాక్కునేవాడు. ఒకసారి సాయంత్రందాకా దొరకలేదు. ఇప్పటికీ సూది చూస్తే చెమటలు పడతాయి. ఆ పెద్దాయన దగ్గర మీరు ముందే పడిపోయారు కాబట్టి సరిపోయింది, లేకపోతే వాడే పడేవాడట."

నేను లేచి చెప్పులు వేసుకుని బావగారింటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని, రెండు అరటిపళ్ళు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు.

"మీకూ భయమేనట కదా బావగారూ!"

"ఎవరు చెప్పారు? అదా? దానికి నోరాగదు."

"మరి అంత భయం పెట్టుకుని అన్ని చోట్లకీ ఎలా వెళ్ళారండీ?"

"భయముంది కాబట్టే వెళ్ళాను బావా" అన్నారాయన, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "భయం లేనివాడికి అన్ని సూదులూ ఒకటే. వాడేం పోలుస్తాడు, వాడి మొహం!"

ఆయన ఒక అరటిపండు నా చేతిలో పెట్టి, "ఇది దానికంటే నయం, తిను" అన్నారు.

కొన్నాళ్ళ తర్వాత పొద్దున్నే ఫోన్ చేశారు. గొంతులో బాధ వినిపించాలని చాలా కష్టపడుతున్నారు.

"బావా, నాకు మోకాలు పట్టేసింది. మళ్ళీ సూదులవాళ్ళ దగ్గరికి తిరగాలి. కారు తీసుకురా."

"ఎవరి మోకాలు బావగారూ?" అన్నాను.

అటువైపు గొంతులోంచి బాధ పోయింది.

"మీ నర్సమ్మది" అన్నారు. "మెట్లెక్కలేకపోతోంది, నీకు చెబితే పని మాన్పించేస్తావేమోనని చెప్పడం లేదు. దానికి సూదులంటే భయం లేదట, చక్కిలిగింతలట. గుచ్చడానికి ఎవరు ముట్టుకున్నా నవ్వుతుందట. ముట్టుకోకుండా గుచ్చేవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడాలి."

కారు తీశాను. ఈసారి నేను కూడా లోపలికి వెళ్ళి ఆయన పక్కనే కూర్చున్నాను. కళ్ళు మాత్రం ఇద్దరం మూసుకున్నాం.